కటింగు కింద నిలబడ్డోడు

మా ఊరికి కొండ లేదు. కొత్తవలస నుంచి గట్ల మీద నడిచొస్తే చుట్టూ వరిమళ్లు, జీడితోటలు. గులకరాయి కావాలన్నా లారీలో తెప్పించుకోవాలి. అలాంటి ఊళ్లో ఆ వానాకాలం నా మొగుడు ఎల్లాజీ, కొండ విరిగి ఇంటి మీద పడిపోతోందని, కన్నతల్లిని భుజాన వేసుకుని మళ్లలోకి పరిగెత్తాడు.

నవ్వుకోడానికి చెప్పడం లేదు. ఆ రోజు నవ్వినోళ్లు చాలామందే ఉన్నారు, ఇంక చాలు.

ఎల్లాజీది కొండ కాపలా. కొత్తవలసలో చీలిన రైలు లైను ఎస్.కోట దాటాక కొండ ఎక్కుతుంది. పట్టాల కోసం కొండని నిలువునా కోసిన చోటుని కటింగు అంటారు. వాన పడితే ఆ కోసిన గోడలు నాని రాళ్లు విడుస్తాయి. కిందనేమో ఇనపరాయి మోసుకొచ్చే గూడ్సు బళ్లు, మధ్యమధ్యలో జనం ఎక్కే బళ్లు. అందుకని వానలు మొదలవగానే ఒక్కో కటింగుకి ఒక్కో మనిషిని పెడతారు. రేకుల గుడిసె, ఎర్రజెండా, పలుగు, గుప్పెడు పటాసులు. రాయి పడితే బండికి ఎదురు పరిగెత్తి పట్టా మీద పటాసులు కట్టాలి. ఇంజను చక్రం కింద అవి పేలితే డ్రైవరు బ్రేకు వేస్తాడు. అదీ ఉద్యోగం. పెట్టేది కాంట్రాక్టరు. వానలు పోతే ఉద్యోగమూ పోతుంది, మళ్లీ ఏడాది పిలిస్తే పిలుస్తాడు, లేకపోతే లేదు.

ఆషాఢంలో నూకయ్య చచ్చిపోయాడు. ఎల్లాజీ పక్క కటింగు అతనిది. రాయి గుడిసె మీదే పడింది. మొదట పరిగెత్తుకెళ్లింది ఎల్లాజీ. మిగతావాళ్లు వచ్చేదాకా ఒక్కడే పలుగుతో రేకులు పెళ్లగిస్తూ ఉన్నాడు. లోపల నూకయ్య కాసేపు మాట్లాడాడు. ఏం మాట్లాడాడో ఎల్లాజీ నాకు చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే కాపలావాళ్ల గేంగు మొత్తం పట్టా మీద కొబ్బరికాయ కొట్టి, కొండదేవతకి కోడిని కోసి, ఎవడి గుడిసెకి వాడు వెళ్లిపోయారు. వాళ్లకో కట్టుబాటు ఉంది. కొండ మీద పోయినోడి పేరు ఆ వానాకాలం వెళ్లేదాకా ఎత్తకూడదు. ఎత్తితే కొండ వింటుందంట. ఇంకొకణ్ని అడుగుతుందంట. వాళ్లందరూ కలిసేదే కొండ మీద. ఇంటికొస్తే ఒళ్లు తెలీకుండా పడుకోవాలి. ఇంక మాట్లాడుకునేదెక్కడ?

నేను బడిలో వంట చేస్తాను. వంటోళ్ల జీతాలు ఆగిపోయినప్పుడల్లా జెండా పట్టుకుని ఆఫీసుల ముందు కూర్చోవడం నాకు అలవాటు. ఆ అలవాటుతోనే కాంట్రాక్టరు సూపర్‌వైజరు శివాజీ దగ్గరికి వెళ్లాను.

"నిన్న శవాన్ని తవ్వి తీసినోణ్ని ఈయేళ అదే కొండకి ఒక్కణ్నే పంపినావేటి బాబూ?"

"ఎవుల్ని పంపమంటావు? నువ్వెల్తావా?" ఫోను చూసుకుంటూనే అన్నాడు.

"ఇద్దరిద్దర్ని పెట్టు. ఒకడికి ఒకడు తోడుంటాడు."

"ఈశ్వరీ, అది కాపలా. పేకాట కాదు జోడీ కట్టడానికి. బయమేస్తే మానీమను. ఎస్.కోటలో పనికి మనుసుల్నేరేటి?"

భయమేస్తే మానెయ్యమను. ఆ ఒక్క మాట మీదే ఆ కొండ మీద మగాళ్లందరూ నోళ్లు మూసుకుని బతుకుతున్నారు.

*

ఇంట్లో మొదట తేడా కనిపెట్టింది మా అత్త జగ్గమ్మ. కూడు తింటూ తింటూ ఎల్లాజీ చెయ్యి గాల్లో ఆగిపోయేది. తల ఓ పక్కకి వాల్చి వినేవాడు.

"ఏట్రా, ముద్ద నోట్లో ఎట్టుకోకుండా అలగ సూస్తావు?"

"ఇనబడిందేటమ్మా?"

"ఏటి?"

"గొలగొలమని. మన్ను జారినట్టు."

"అది నా కడుపురా. పొద్దున్నుంచి గెంజి తప్ప ఏటీ దిగనేదు."

నేను నవ్వాను. ఎల్లాజీ నవ్వలేదు. లేచెళ్లి గోడకి చెవి ఆన్చాడు.

అత్త మిరపకాయలతో దిష్టి తీసింది. అవి ఘాటుగా మండాయి. దిష్టి లేకపోతేనే ఘాటొస్తాదంట. అంటే దిష్టి కాదు. మరేటి? అత్త ఆ ప్రశ్న ఇంక అడగలేదు. కొడుకు వంక చూడ్డం కూడా తగ్గించింది.

శ్రావణంలో ఓ సాయంత్రం నా తమ్ముడు సోములు పరిగెత్తుకుంటూ వచ్చాడు. వాడూ అదే గేంగులో కాపలా.

"అప్పా! బావ బండి ఆపీసినాడు! గూడ్సు! గాదెంత రాయి పట్టాల మీద పడ్డాది, బావ ముందే కనిపెట్టీసి పటాసులు కట్టీసినాడు!"

గెంతుతూ చెప్పాలి అలాంటి కబురు. వాడు నేల చూస్తూ చెప్పాడు. పరుగెత్తిన ఆయాసం అనుకున్నాను.

ఆ దెబ్బకి ఎల్లాజీ ఊరికి దొర అయిపోయాడు. శివాజీ స్వయంగా వచ్చి రాయి పక్కన నిలబెట్టి ఫొటో తీసి వాట్సాప్‌లో తిప్పాడు. టీకొట్టు దగ్గర చోటిస్తున్నారు. ఎల్లాజీ మొహంలో వెలుగు వచ్చింది. నేను చాలా రోజులకి నిమ్మళంగా ఊపిరి తీసుకున్నాను.

"ఈశ్వరీ, రాయి పడకముందే నాకు ఇనబడినాది," అన్నాడు నాతో, గుట్టు చెప్పినట్టు. "నాను పటాసులు కట్టినప్పుడు పట్టాల మీద రాయి నేదు. ఎనక్కొచ్చి సూద్దును గదా, ఉన్నాది. కొండ నాకు ముందు సెప్పినాది."

"మంచిదేగా," అన్నాను.

మంచిది కాదు. అప్పటిదాకా తనకి వినబడితే నన్ను అడిగేవాడు, నీకు ఇనబడిందా అని. ఆ రోజు నుంచి అడగడం మానేశాడు.

తరవాత వచ్చిన ముసురులోనే తల్లిని ఎత్తుకుని పరిగెత్తాడు. డ్యూటీ లేని రోజు, మిట్టమధ్యాన్నం. నేను బడి నుంచి వస్తున్నాను. ఎదురుగా మళ్లలో, మోకాలి లోతు నీళ్లలో, ఎల్లాజీ. భుజం మీద బియ్యం బస్తాలా మా అత్త.

"ఒరే దించరా, నీ పాడె కట్టా! ఓలప్పో, ఎవులైనా రండర్రా! నా నడుం ఇరిగిపోనాది!"

"అమ్మా, అరవకు. పడతన్నాది. ఎనక్కి సూడకు."

వెనక ఉన్నది మా పెంకుటిల్లు, దాని మీద కాకరపాదు. గట్టు మీద జనం చేరారు. ఎవడో, "కొండెక్కడరా ఎల్లాజీ, సంచీలో తెచ్చినావేటి?" అని అరిచాడు. నవ్వులు. ఎల్లాజీ తల్లిని మళ్ల అవతల జీడితోటలో దించి, కింద కూలబడి, "నూకయ్యా, వస్తన్నానురా, వస్తన్నానురా," అని రెండు చేతులతో మన్ను తవ్వడం మొదలెట్టాడు.

నవ్వులు ఆగిపోయాయి. గేంగులో ఎవడూ ఎత్తని పేరు అది.

నడుం పట్టుకుని మూలుగుతున్న మా అత్త అలాగే పాక్కుంటూ వెళ్లి కొడుకు చేతులు పట్టుకుంది. "నాను ఇక్కడే ఉన్నాన్రా," అంది. తిట్లు లేవు.

*

మర్నాడు ఎల్లాజీ ఏమీ జరగనట్టు డ్యూటీకి వెళ్లిపోయాడు. సాయంత్రం సోములు వచ్చాడు. అరుగు మీద కూర్చోకుండా నిలబడే ఉన్నాడు.

"అప్పా, బావని ఆపు. కొండకి పంపకు."

"ఏటయినాది?"

"గుడిసిలో ఉండట్నేదు. కటింగు కింద నిలబడతన్నాడు. సరిగ్గా పగులు కిందన. నాను సెప్తే నవ్వుతన్నాడు. కొండ నాకు సెప్పకుండా పడదురా అంటన్నాడు."

వాడి మొహం చూస్తే ఇంకా ఏదో మిగిలి ఉంది.

"పూర్తిగా కక్కు."

"ఆ రాయి పడనేదప్పా. బావ ఊరికే ఆపీసినాడు బండి. మేం పరిగెత్తికెల్లి సూస్తే పట్టాల మీద ఏటీ నేదు. బావేమో అక్కడ, ఇంజను దగ్గిర, జెండా పట్టుకుని వొణుకుతన్నాడు. ఊరికే ఆపినాడంటే తీసీరా? తీసీసి ఊరుకోరు, మతి పోనాదని పేరెడతారు. ఆ పేరు పడ్డోణ్ని ఇంకెవుడు పన్లోకి పిలుస్తాడు? అందుకని..."

"అందుకని?"

"గట్టు మీద ఒదులుగా ఉన్న రాయొకటి సూసి, పలుగులేసి మేమే దొర్లించీసినాం."

నేను వాణ్ని కొట్టడానికి చెయ్యెత్తాను. దించేశాను. ఏమని కొట్టను? ప్రేమతో చేసిన పని. ఆ కొండ మీద ఒకడికొకడు ఇచ్చుకోగలిగింది అదే, పలుగుతో ఓ అబద్ధం. కానీ ఆ రాయితో నా మొగుడి బుర్రలో మోతకి సాక్ష్యం దొరికింది. ఇప్పుడు తను ఆ సాక్ష్యాన్ని నమ్ముకుని పగులు కింద నిలబడుతున్నాడు.

"నువ్వే సెప్పాల మీ బావకి."

"సెప్తే బావతో కలిపి మా నలుగురికీ పనుండదు అప్పా. కావాలని రాయి దొర్లించీసినామని కేసెట్టినా ఎట్టీగలరు."

"సెప్పకపోతే?"

వాడు వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. నేను ఎల్లాజీని ఆపడానికి చూశాను. జ్వరమని చెప్పమన్నాను, చెప్పులు దాచాను, కాళ్లు పట్టుకున్నాను. "నాను ఎల్లకపోతే ఎవులింటారే?" అన్నాడు. చెప్పుల్లేకుండానే వెళ్లాడు. పొద్దున్న వెళ్లిన మనిషి సాయంత్రం వచ్చేదాకా పొయ్యి దగ్గర నా చేతులు వాటంతటవే పని చేసేవి. ఆకాశం నల్లబడితే బడిలో పిల్లలకి వడ్డిస్తూ వడ్డిస్తూ గరిటె వదిలేసేదాన్ని.

*

నూకయ్య చావు పైదాకా పోయినట్టుంది. కాపలావాళ్లకి మనోధైర్య శిబిరం పెట్టమని కాంట్రాక్టరుకి ఎవరో చెప్పారు. కొత్తవలసలో ఓ కల్యాణమండపంలో పెట్టాడు. పన్లో పని, అక్కడే ఎల్లాజీకి సన్మానం అన్నాడు శివాజీ. ఆడాళ్లని పిలవలేదు. నేను వెళ్లాను.

అరుణశ్రీ అని, విజయనగరం నుంచి ఓ అమ్మాయి వచ్చింది. మనసు బాగోలేనివాళ్లతో మాట్లాడే చదువు చదివిందంట. తెర మీద బొమ్మలు చూపించింది. తెల్లటి మంచుకొండలు, మంచు విరిగిపడితే కింద కూరుకుపోయినవాళ్లని తవ్వి తీసే మనుషులు, వాళ్ల కుక్కలు.

వెనకనుంచి ఒకడు, "మన కొండ మీద ఐసెప్పుడు పడ్డాదిరా?" అన్నాడు.

"నీకు మందులోకి నేనప్పుడు," అన్నాడు పక్కవాడు.

తరవాత కళ్లు మూసుకుని గాలి పీల్చి వదలమంది. అందరూ పీల్చారు. ఒకడు గురక పెట్టాడు. నాకు ఒళ్లు మండి బయటికొచ్చేశాను. టీలు ఇచ్చినప్పుడు ఆ అమ్మాయి నా దగ్గరికే వచ్చింది.

"కోపమొచ్చిందా అమ్మా?"

"మంచు సూపించి ఊపిరి పీల్చమంటే రాళ్లు ఆగిపోతాయేటి?"

"ఆగవు. ఆ బొమ్మలు పైనుంచి పంపినవి, నేను చేసినవి కావు. కానీ మంచులో తవ్వేవాళ్లకీ, మీవాళ్లకీ వచ్చే జబ్బు ఒకటే. అది చెప్పేలోపు టీలొచ్చేశాయి." గ్లాసు పక్కన పెట్టింది. "మీ ఇంట్లో ఎవరికి?"

చెప్పాను. గోడకి చెవి ఆన్చడం, బండి ఆపడం, మళ్లలో పరుగు, మన్ను తవ్వడం, పగులు కింద నిలబడడం. దొర్లించిన రాయి సంగతి చెప్పలేదు. అది నా నోటితో చెప్పేది కాదు.

"ఆయనకి వినపడేది అబద్ధం కాదమ్మా. నిజంగా వినపడుతుంది. బయట మోత లేదంతే. ఆ తేడా ఆయనకి నమ్మకమున్నవాళ్లు చెప్పాలి. మందులూ కావాలి, పెద్దాసుపత్రిలో ఇస్తారు. ముందు కొండ దిగాలి. బండి ఆపిన రోజు రాయి నిజంగానే పడింది కదా. నాకు భయం దాని గురించే. ఇంకెవరు చెప్పినా వింటారా?" అంది.

లోపల మైకులో ఎల్లాజీ పేరు పిలిచారు.

శివాజీ శాలువా కప్పాడు. మాట్లాడమన్నాడు. ఎల్లాజీ మైకు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"కొండ నాతో మాటాడతాది. ఎవులూ బయపడొద్దు. మీరందరూ గుడిసిల్లో తొంగోండి. నాను నిలబడతాను. అన్ని కటింగులూ నానే సూసుకుంటాను."

చప్పట్లు కొట్టారు. గేంగువాళ్లు కొట్టలేదు. నేను సోములు వైపు చూశాను. అంతే. వాడు లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు.

"బావ, ఆ రాయి పడనేదు. మేం దొర్లించినాం."

"తాగొచ్చేవేట్రా?" అన్నాడు శివాజీ.

మూలనున్న ఇంకొకడు లేచి నిలబడ్డాడు. వాడి పక్కవాడూ లేచాడు.

ఎల్లాజీ శాలువా తీసి, మడత పెట్టి, కుర్చీ మీద ఉంచాడు. మైకు ఇంకా మొహం దగ్గరే ఉంది.

"ఎన్ని పలుగులేసినారు?"

"రెండేసినాం బావ."

"రెండిటికి కదల్దురా అంత రాయి."

"కదల్నేదు. మూడోది నీ గుడిసిలోదే తెచ్చినాం."

ఎల్లాజీ తలూపాడు. పనివాడు పని లెక్క సరిపోయిందని ఊపినట్టు. మెట్లు దిగి వచ్చి నా పక్కన నేల మీద కూర్చున్నాడు. నాకు మాత్రమే వినబడేలా, "ఇంటికెల్దామే," అన్నాడు.

*

పెద్దాసుపత్రిలో మందులిచ్చారు. అరుణశ్రీ ఫోన్లు చేసి లోపలికి దారి చూపించింది. మందులు వేసుకుంటే ఎల్లాజీ పడుకునేవాడు. లేచి అరుగు మీద కూర్చునేవాడు. ఏదన్నా వినబడితే, "ఉందా?" అనేవాడు. "నేదు," అనేదాన్ని. "సరే." ఒక్కోసారి ఆ 'సరే' చెప్పడానికి చాలాసేపు పట్టేది.

శివాజీ ఆ ముగ్గుర్నీ తీసెయ్యలేదు. మంచివాడయ్యి కాదు. నడివానాకాలంలో ఆ కటింగులకి వెళ్లేవాడు ఇంకెవడూ లేడు. "వానలెల్లనీ, మీ సంగతి సెప్తాను," అన్నాడు. ఎల్లాజీ కటింగుని కూడా సోములుకే అంటగట్టాడు. ఇప్పుడు వాడొక్కడే రెండిటి మధ్యా తిరగాలి. నేను గేంగు ఆడాళ్లని పోగేసి ఎస్.కోటలో వాళ్ల ఆఫీసు ముందు కూర్చోబెట్టాను. నూకయ్య పెళ్లాం లక్ష్మణమ్మ అందరికంటే ముందు కూర్చుంది. జోడీ లేకుండా ఎవడూ కొండెక్కకూడదు, భయమని చెప్పినోడి పని తియ్యకూడదు, ఇవే మేం అడిగినవి. శివాజీ కిటికీ మూసుకున్నాడు.

భాద్రపదంలో వాయుగుండం పట్టింది. ఆకాశం ఊడి కిందికి వచ్చేసినట్టుంది. మూడోనాడు మధ్యాన్నం ఎల్లాజీ గెంజి తాగుతుండగా నా ఫోను మోగింది.

"అప్పా, బావకియ్యి." సోములు. వాన మోతలో సగం మాటలే వినబడుతున్నాయి.

"నాకు సెప్పు."

"బావకియ్యప్పా!"

ఇవ్వకూడదనుకున్నాను. ఎల్లాజీ గ్లాసు దించి చెయ్యి చాపాడు. స్పీకరు నొక్కాను.

"బావ, ఇనబడతన్నాది. గొలగొలమని. నిజమో నా బుర్రో తెలీట్నేదు. పొద్దున్నుంచి ఇలగే. గూడ్సొస్తన్నాది బావ."

వాడూనా అనుకున్నాను. నా ఇంట్లోంచి రెండోవాడు.

ఎల్లాజీ కళ్లు మూసుకున్నాడు. తల పక్కకి వాల్చలేదు.

"ఎక్కడున్నావు?"

"పగులు కింద."

"బయటికి నడు. ముందు అది. ...నడిసినావా?"

"ఊఁ."

"ఇంకా నడు. ఇప్పుడు పటాసులు కట్టు."

"రాయి నేకపోతే?"

"నేకపోతే నేదను. బయమేసినాది, ఆపీసినానను. పలుగు ముట్టుకోకు. ఎవుల్నీ ముట్టుకోనీకు. ఇన్నావా?"

ఫోను ఎక్కడో జేబులో పడేసినట్టుంది. వాన, పరుగు, ఊపిరి. తరవాత ఢమ్మని ఒకటి. ఇంకొకటి. ఇనుము ఇనుముని కొరికిన చప్పుడు, ఎంతకీ ఆగకుండా.

ఆగింది.

"బావ... రాయి నేదు."

"అక్కడే ఉండు," అన్నాడు ఎల్లాజీ. "వస్తన్నాను."

నేను అడ్డం నిలబడ్డాను. "నువ్వు ఎల్లడానికి నేదు. ఆ కొండకి మళ్లీ నిన్ను..."

"ఒక్కణ్నే ఎల్తానన్నానేటే?" అని చొక్కా తొడుక్కున్నాడు. "నువ్వూ రా."

ఎస్.కోట దాకా ఆటో. అక్కడ లక్ష్మణమ్మా ఇంకొందరూ కలిశారు. తరవాత పట్టాల వెంట నడక. రైల్వేవాళ్లు లైను చూసి సరేననేదాకా బండి కదలకూడదు, అందుకని గూడ్సు అక్కడే ఉంది, వానలో నల్లగా, తోక కనబడనంత పొడుగు. శివాజీ మాకంటే ముందే వచ్చాడు. కటింగు మధ్యలో, సరిగ్గా పగులు కిందే, గొడుగేసుకుని అరుస్తున్నాడు.

"రాయేదిరా? సూపించు! రాయేదీ?"

సోములు జెండా పట్టుకుని దూరంగా ఉన్నాడు. మమ్మల్ని చూశాడు. వాడి పెదాలు నీలం.

"నేదు బాబూ. బయమేసినాది. ఆపీసినాను."

"బయమేసినాదా?" శివాజీ నవ్వాడు. "ఇన్నారర్రా, దొరగారికి బయమేసినాదంట!"

ఎవరూ నవ్వలేదు. నా పక్కనుంచి ఎల్లాజీ, "నాకూ ఏస్తాది," అన్నాడు. గట్టిగా కాదు, మామూలుగా. వెనకనుంచి గేంగులో ఒకడు "నాకూ" అన్నాడు. లక్ష్మణమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంజను కిటికీలోంచి తల పెట్టిన డ్రైవరు, నెత్తి మీద వాన కారుతుండగా, "నాకు మాత్రం లేదేంటయ్యా?" అన్నాడు.

శివాజీ ఏదో అనబోయాడు. వాన ఒక్కటే. పగుల్లోంచి ఎర్రటి నీళ్లు సన్నగా కారుతున్నాయి. కొద్దిగా మన్ను జారి గొడుగు మీద పడింది. పిడికెడు మన్ను, అంతే.

శివాజీ తలెత్తి పైకి చూశాడు. గొడుగు దించాడు. చూపు పైనుంచి తియ్యకుండా, మేం నిలబడ్డ వైపుకి వెనక్కి వెనక్కి నడిచి వచ్చాడు.